మానిటర్ మోగితే ముందు ఎటు చూడాలి?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా గుండె వార్డు గురించే. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, జనరల్ వార్డులో రెండేళ్లు నర్సుగా చేసి నాలుగు నెలల కిందట కార్డియాక్ మానిటరింగ్ యూనిట్‌కి, అంటే గుండె పేషెంట్లని ఎప్పుడూ మానిటర్ మీద చూసే వార్డుకి మారాను. షిఫ్టులో అలారం ఎన్నిసార్లు మోగుతుందో లెక్కే లేదు. మొదట్లో ప్రతిదానికీ పరిగెత్తేదాన్ని. ఇప్పుడు మోగుతున్నా చేతిలో పని ఆపడం లేదు, అదే భయంగా ఉంది. ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో అదే మోత. నేను ఈ పనికి పనికిరానా?

జవాబు: చెల్లీ, నువ్వు భయపడాల్సిన దానికే భయపడుతున్నావు, కానీ తప్పు నీది కాదు. రోజంతా మోగేదానికి చెవి అలవాటు పడిపోతుంది. దీన్ని అలారం ఫెటీగ్ అంటారు. అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ 2013లో దీని మీద ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఇచ్చింది. మోగేవాటిలో 85 నుంచి 99 శాతం దాకా ఎవరూ ఏమీ చేయనక్కర్లేనివేనని అందులో ఒక అంచనా ఉంది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలకు సంబంధించి తమ దృష్టికి వచ్చిన 98 ఘటనల్లో 80 ప్రాణాలు పోయాయని కూడా అందులోనే ఉంది. అంటే అక్కర్లేనివి అన్నిసార్లు మోగించి చెవిని మొద్దుబార్చాక, అసలైనది మోగినప్పుడు ఎందుకు వినలేదని నర్సుని నిలదీస్తున్నారన్నమాట. కాబట్టి ఇంకా శ్రద్ధగా వినాలని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, ఆ మోతలు తగ్గించే పని పట్టుకో.

ఆ పని ఛాతీ మీది స్టిక్కర్ల దగ్గర మొదలవుతుంది. జెల్ ఎండిపోయిన స్టిక్కర్ గుండెను సరిగా చూపించదు, గీత ఊగుతుంది, మిషన్ దాన్నే ఏదో రిథమ్ అనుకుని అరుస్తుంది. అందుకే రోజూ మార్చాలి. జుట్టు ఉంటే కత్తిరించి, సబ్బు నీళ్లతో తుడిచి, పొడి గుడ్డతో కాస్త రుద్ది అంటించు. స్పిరిట్ వద్దు, చర్మాన్ని ఎండగట్టేస్తుంది. తీగల రంగులు నోటికొచ్చు కదా అని కళ్లు మూసుకుని పెట్టేయకు. రెండు రకాల రంగుల పద్ధతులున్నాయి, నల్ల తీగ ఒకదాంట్లో ఎడమ చేతిది, ఇంకోదాంట్లో కుడి కాలిది. తెల్లది ఒకచోట కుడి చేతిదైతే మరోచోట ఛాతీది. కొత్త యూనిట్‌కి మారినప్పుడు తీగ మీద అక్షరం చదివి పెట్టడమే మంచిది.

తర్వాత లిమిట్లు. నిద్రలో గుండె రేటు 48కి దిగే మనిషికి 50 దగ్గర అలారం పెడితే తెల్లార్లూ మోగుతూనే ఉంటుంది. డాక్టర్‌తో మాట్లాడి, మీ యూనిట్ నియమం ప్రకారం ఆ మనిషికి తగ్గట్టు మార్పించు, షిఫ్టు అప్పగించేటప్పుడు, హ్యాండోవర్‌లో చెప్పు. డ్యూటీ ఎక్కగానే ముందు షిఫ్టు వాళ్లు ఏ లిమిట్లు పెట్టి వెళ్లారో నీ కళ్లతో చూసుకో.

ఒక్క అలారం విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను, లీడ్, అంటే ఛాతీ మీది తీగ ఊడిందని వచ్చేది. నా మొదటి సంవత్సరంలో ఒక రాత్రి అది మోగింది. ఆ పేషెంట్ మంచంలో ఊరికే పొర్లే మనిషి, సాయంత్రం నుంచి అప్పటికే అయిదారుసార్లు ఊడింది. సైలెంట్ చేసి, చేతిలో ఉన్న ఇంజెక్షన్ ఇచ్చి వెళ్దామనుకున్నాను. పది నిమిషాలు పట్టింది. వెళ్లేసరికి ఆయన బాత్‌రూమ్ తలుపుకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది, పెదవులు బూడిద రంగులోకి తిరిగాయి, ఒక తీగ ఇంకా మెడలో వేలాడుతోంది. పల్స్ పట్టుకుంటే ముప్ఫై పైచిలుకు. పూర్తి హార్ట్ బ్లాక్, గుండె పై గదుల సంకేతం కింది గదులకు అసలు చేరడం లేదు. బతికాడు, పేస్‌మేకర్ పెట్టారు, ఇంటికెళ్లేటప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆ నమస్కారం నేను తీసుకోలేకపోయాను. చాలా మానిటర్లు ఈ అలారాన్ని చిన్న సమస్యగా చిన్న చప్పుడుతో సరిపెడతాయి. కానీ లీడ్ ఊడిందంటే ఆ క్షణాన ఆ గుండెను చూసేవాళ్లు ఎవరూ లేరు. నువ్వు వెళ్లలేకపోతే పక్క సిస్టర్‌ని పేరు పెట్టి పిలిచి పంపు, 'ఎవరైనా చూడండి' అంటే ఎవరూ కదలరు.

చెవుల్లో మోత సంగతి, నాక్కూడా దాదాపు ఏడాది పట్టింది. నిద్ర పట్టని రాత్రులు వరుసగా వస్తుంటే మాత్రం దాచుకోకుండా మీ ఇన్‌ఛార్జ్‌తో చెప్పు, అవసరమైతే డాక్టర్‌కి చూపించుకో.

ప్రశ్న: మేడమ్, ఈసీజీ పుస్తకంలో చూస్తే అర్థమవుతుంది, స్క్రీన్ మీద పరిగెడుతుంటే తికమక. మొన్న వీటీ, అంటే గుండె కింది గదులు ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం అనుకుని, క్రాష్ కార్ట్ అనే అత్యవసర మందుల బండి లాక్కుని పరిగెత్తాను. తీరా చూస్తే పేషెంట్ పళ్లు తోముకుంటున్నారు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి పరిగెత్తాలంటే సిగ్గేస్తోంది.

జవాబు: నవ్వినవాళ్లు తప్పు చేశారు తల్లీ. పళ్లు తోముకునే చేయి అచ్చం వీటీలా గీస్తుంది, ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా మోసపోతారు. ఈసారీ పరిగెత్తు, సిగ్గుపడి ఆగొద్దు. గదిలోకి వెళ్లగానే స్క్రీన్ కాదు, మొహం చూడు. పలకరించు, మెడ దగ్గర పల్స్ పట్టుకో. మాట లేదు, పల్స్ లేదంటే కేకేసి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టు, నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. మనిషి హాయిగా మాట్లాడుతుంటే అప్పుడు తీరిగ్గా స్ట్రిప్, అంటే ఈసీజీ గీత ప్రింటయిన కాగితం చూడొచ్చు. ఆ పిచ్చి గీతల మధ్య మామూలు క్యూఆర్ఎస్, అంటే కింది గదుల ప్రతి బీట్‌కీ పడే నిటారు గీత, పాత దూరంలోనే నడుస్తూ కనిపిస్తుంది, పక్కన వేలి క్లిప్ చూపించే ఆక్సిజన్ తరంగం కూడా దాని లయలో అది పోతుంటుంది. ఒక జాగ్రత్త, మాట్లాడుతున్నంత మాత్రాన వీటీ కాదని తేల్చేయకు. నిజమైన వీటీలో కూడా కాసేపు స్పృహతో ఉండి మాట్లాడేవాళ్లు ఉంటారు.

చదవడం రావాలంటే కాగితం మీదే రావాలి. షిఫ్టుకి కనీసం ఒక్క స్ట్రిప్ ప్రింట్ తీసి కొలువు. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది కాబట్టి చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2. ఆరు సెకన్ల స్ట్రిప్‌లో ఎన్ని బీట్లున్నాయో లెక్కపెట్టి పదితో గుణిస్తే నిమిషానికి రేటు, లయ తప్పినప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది. పీఆర్, అంటే పీ వేవ్ అనే మొదటి చిన్న గుబ్బ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా, 0.12 నుంచి 0.20 సెకను, క్యూఆర్ఎస్ వెడల్పు 0.12 లోపు ఉండాలి. పీ వేవ్ ఎక్కడా దొరక్కుండా, ఏ రెండు బీట్ల మధ్య దూరమూ కలవకుండా ఉంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి వణుకుతున్నాయని అనుమానించు. నెలరోజులు వదలకుండా ఇలా కొలిస్తే స్క్రీన్ మీద పోయేది కూడా కంటికి ఆగుతుంది.

ప్రశ్న: రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే 'దీనికి కూడా లేపాలా' అని కసురుకున్నారు. పేషెంట్‌కి మధ్యమధ్య వీటీ బీట్లు వస్తున్నాయి. ఇంకోసారి చేయాలంటే టెన్షన్.

జవాబు: చేయాలి. కసురుకున్నా చేయాలి. ఎలా చెప్పాలో మాత్రం ముందే సిద్ధం చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఫోన్ ఎత్తకముందే పేషెంట్‌ని చూసి, బీపీ తీసుకుని, రిపోర్టులు ముందు పెట్టుకో. తర్వాత ఇలా: 'డాక్టర్ గారూ, మూడో బెడ్, 64 ఏళ్లు, హార్ట్ ఫెయిల్యూర్, ఫ్యూరోసెమైడ్ నడుస్తోంది. పది నిమిషాల్లో రెండుసార్లు అయిదేసి బీట్ల వీటీ వచ్చింది. బీపీ 104/62, మాట్లాడుతున్నారు, నొప్పి లేదు. పొద్దున పొటాషియం 3.2. ఇప్పుడు పొటాషియం, మెగ్నీషియం మళ్లీ పంపించి, పొటాషియం ఎక్కించడం మొదలుపెట్టమంటారా?' ఇంత చెప్పాక ఎంత నిద్రమత్తులో ఉన్నవాళ్లయినా లేచి కూర్చుంటారు, ఎందుకంటే ఫ్యూరోసెమైడ్ లాంటి మూత్రం మందుతో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పడం వాళ్లకి తెలియని సంగతి కాదు. ఏమన్నారో టైముతో సహా రాసిపెట్టు. జవాబు రాకపోతే పై డాక్టర్‌కి చెయ్, మీ ఆసుపత్రిలో పరిస్థితి విషమిస్తే వెంటనే వచ్చే రాపిడ్ రెస్పాన్స్ టీమ్ ఉంటే వాళ్లని పిలువు.

నీకు ఇంకో సంగతి తెలియాలి. 1961లో డెస్మండ్ జూలియన్ అనే బ్రిటిష్ డాక్టర్, గుండెపోటు వచ్చినవాళ్లందరినీ ఒకేచోట ఉంచి, మానిటర్ పెట్టి, శిక్షణ ఉన్న సిబ్బందిని పక్కనే ఉంచాలని లాన్సెట్ పత్రికలో రాశాడు. అక్కడి నుంచి ఇలాంటి యూనిట్లు వచ్చాయి. అయితే డాక్టర్ వచ్చేదాకా ఆగకుండా నర్సే షాక్ ఇవ్వొచ్చని ఒప్పుకున్న చోటే అవి బాగా ప్రాణాలు కాపాడాయి. ఎప్పుడూ మంచం పక్కన ఉండేది నర్సే కదా. నువ్వు ఫోన్ చేయడం ఎవరినో ఇబ్బంది పెట్టడం కాదు, ఆ యూనిట్ పెట్టిందే అందుకు.

ప్రశ్న: మా నాన్నగారి మానిటర్ మోగుతుంటే సిస్టర్ వచ్చి, ఆయన్ని ఒకసారి చూసి, బటన్ నొక్కి వెళ్లిపోయారు. ఇది నిర్లక్ష్యం కాదా?

జవాబు: ఆయన్ని చూసి నొక్కారని మీరే రాశారు, ఆ చూపులోనే చాలా పని జరిగిపోతుంది బాబూ. రంగు, ఊపిరి, చెమట, మాట, అన్నీ ఆ రెండు సెకన్లలో కంటికి అందుతాయి. ఆ బటన్ మామూలుగా చప్పుడుని కాసేపే ఆపుతుంది, మానిటర్ చూస్తూనే ఉంటుంది. అయినా 'ఇప్పుడు ఎందుకు మోగింది సిస్టర్?' అని మర్యాదగా అడగండి, చెప్పడం మా బాధ్యత. మీరు అంకెలు చూస్తూ కూర్చోకండి, ఆయన్ని చూడండి. ఒక్కసారిగా చెమటలు పట్టినా, ఛాతీలోనో దవడలోనో నొప్పి అన్నా, మాట తడబడినా, పిలిస్తే సరిగా పలకకపోయినా, మానిటర్ మోగకపోయినా సరే పరిగెత్తుకొచ్చి పిలవండి. యాంజియోగ్రామ్ గజ్జల దగ్గర నుంచి చేసి ఉంటే నడుము నొప్పి అన్నా చెప్పండి, లోపల రక్తం కారుతోందేమో చూడాలి. ఆ బటన్ మాత్రం మీరు నొక్కొద్దు.