పాంక్రియాస్ క్యాన్సర్‌కి మొదటి కీమో పనిచేయకపోతే రెండోది ఇప్పించాలా?

మీ మామగారికి మొదటి కీమోగా జెమ్‌సిటాబిన్, నాబ్ పాక్లిటాక్సెల్ మందులు ఇస్తుండగానే లివర్‌లో మచ్చలు పెరిగాయన్నారు. మా నాన్న విషయంలో మేమూ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగాం. నేను డాక్టర్ని కాను, చూసింది రాస్తున్నా.

మనిషి లేచి తిరుగుతుంటే ఇప్పించండి. జెమ్‌సిటాబిన్ తర్వాత ఫైవ్ ఎఫ్‌యూ రకం మందులకు మారతారు. ఇలాంటి రోగుల మీదే చేసిన నపోలి-1 ట్రయల్లో ఫైవ్ ఎఫ్‌యూ, దానికి బలమిచ్చే ల్యూకోవోరిన్ మాత్రమే ఇచ్చినవాళ్ళ మీడియన్ ఆయుష్షు (సగంమంది దాటేది) 4.2 నెలలు, లైపోసోమల్ ఇరినోటెకాన్ (కొవ్వు పొరలో చుట్టిన ఇరినోటెకాన్ అనే కీమో మందు) కూడా కలిపితే 6.1. ఈ అంకె విని మా అన్నయ్య "రెండు నెలల కోసమా ఇదంతా" అంటూ లేచి బయటికెళ్ళిపోయాడు. నాన్న మాత్రం "అప్పటికి కొత్తావకాయ వచ్చేస్తుందిగా" అన్నారు. మాకు మామూలు ఇరినోటెకాన్‌తోనే మొదలుపెట్టారు.

అసలు తంటా తిండి దగ్గర వచ్చింది. ఏం తిన్నా నూనె తేలే విరేచనాలు. అంతా కీమో వల్లే అనుకున్నాం. పాంక్రియాస్ చేయాల్సిన అరుగుదల పని చేసే ఎంజైము క్యాప్సూల్స్ ఎప్పుడో రాసిచ్చారు, అమ్మ అన్ని మాత్రల్లాగే భోజనమయ్యాక అరగంటకి వేసేది. ఒకరోజు డే కేర్‌లో సెలైన్ మారుస్తున్న నర్సమ్మ ఆ మాట విని తల పట్టుకుంది. "మొదటి ముద్దతో వేయాలమ్మా! అన్నంలో కలవకపోతే అది అరిగించేదేముంది?" ఆ రాత్రి కంచంలో ఉప్పు పక్కనే క్యాప్సూల్ పెట్టింది అమ్మ. మొదటి ముద్దకొకటి, సగం తిన్నాక ఇంకొకటి. వారానికల్లా నాన్న మానేసిన నెయ్యి మళ్ళీ అడిగారు. కీమోకి అన్ని కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న ఆసుపత్రిలో ఈ ఒక్క ముక్క చెప్పే దిక్కు లేకపోయింది.

ఇక చుట్టాలు. ఎంసెట్ ర్యాంకు అడిగినట్టు "సీఏ 19-9 ఎంతొచ్చింది?" అని ఆ క్యాన్సర్ రక్తపరీక్ష అంకె కోసం రోజూ ఫోన్లు. పిత్తనాళంలో పెట్టిన గొట్టం, అదే స్టెంటు, మూసుకుపోయి కామెర్లొచ్చినా అది పెరుగుతుంది. మేం అలాగే ఒకసారి ఊరికే ఏడ్చాం. బొప్పాయి ఆకు రసం పంపినవాళ్ళ గురించి రాయను, బీపీ పెరుగుతుంది.

"మార్ఫిన్ ఆఖర్న ఇచ్చేది" అని పెదనాన్న అన్నందుకు నాన్న మూడు వారాలు నడుంనొప్పితో ముందుకి వంగి కూర్చునే నిద్రపోయారు. మొదలుపెట్టిన రెండో రాత్రే వెల్లకిలా పడుకున్నారు. 2014లో మత్తుమందుల చట్టం సడలించినా మా ఊళ్ళో ఏ షాపులోనూ దొరకలేదు, ప్రతిసారీ హైదరాబాద్ పరుగే. కాబట్టి రెండో కీమో అడిగే రోజే నొప్పి డాక్టర్ని కూడా అడగండి. బీఆర్‌సీఏ (జన్యులోపం చూసేది), ఎంఎస్‌ఐ (కణితి తీరు చూసేది) పరీక్షలు చేయకపోతే అవీ చేయించమనండి. బీఆర్‌సీఏ లోపం బయటపడితే సిస్‌ప్లాటిన్ లాంటి ప్లాటినం కీమో మందు గురించి ఆలోచిస్తారు.

రెండో కీమో నాలుగు సైకిళ్ళు (విడతలు) నడిచింది. నాన్న కొత్తావకాయ తిన్నారు, క్యాప్సూల్ వేసుకునే. మీ మామగారికి అవి రాశారో లేదో ఇవాళే చీటీ తీసి చూడండి.