ఏమీ కలపకుండానే గట్టిపడే బంగారం గురించి మీ అమ్మాయి చెప్పింది నిజమే

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బంగారం కొట్టు ఉంది. మా అమ్మాయి వరంగల్ ఎన్ఐటీలో మెటలర్జీ మూడో సంవత్సరం. వేసవిలో ఒక ల్యాబ్‌లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసొచ్చింది. అప్పట్నుంచీ నానో స్థాయిలో మిశ్రమ లోహాల బలం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. 'బంగారం సన్నబడితే దానంతటదే గట్టిపడుతుంది నాన్నా' అంటుంది, నాకు అర్థం కాలేదు. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తయారవుతుంటే మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ సబ్జెక్టు మీకు చెప్పడం సులువండీ, సగం మీకు తెలిసిందే. 24 క్యారెట్ల బంగారంతో గాజు చేస్తే ఇట్టే వంగిపోతుందని రాగో వెండో కలిపి 916 చేయిస్తారు. తీగ లాగుతుంటే కాసేపటికి బిరుసెక్కుతుంది, ఇంకా లాగితే తెగుతుంది. అందుకే పనివారు మధ్యలో ఆపి దాన్ని కాల్చి మెత్తబరుస్తారు. మీ అమ్మాయి పుస్తకాల్లో ఇవన్నీ పెద్ద పెద్ద అధ్యాయాలు.

లోహంలో పరమాణువులు వరుసలుగా పేర్చి ఉంటాయి. ఆ వరుసల్లో అక్కడక్కడా తప్పులుంటాయి, వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. లోహం వంగిందంటే ఎక్కువగా ఇవి ఉన్నచోటి నుంచి కదిలాయనే అర్థం. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ ఎవరికి వారు విడిగా ప్రతిపాదించారు. రాగి పరమాణువులు వీటి దారికి అడ్డుపడతాయి, అందుకే 916 గట్టిగా ఉంటుంది. తీగ లాగుతుంటే ఇవే పుట్టుకొచ్చి, తిరునాళ్లలో జనంలా ఒకదాన్నొకటి కదలనివ్వవు. కాలిస్తే జనం పలచబడతారు.

ఇక మీ అమ్మాయి మాట. 2005లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జూలియా గ్రీర్, విలియం నిక్స్, వారి సహచరుడు బంగారంతో సన్నటి స్తంభాలు చేసి చూశారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, వీటిలో సన్నవి ఒక్క మైక్రాన్ కూడా లేవు. వాటిని చదునైన వజ్రపు మొనతో పైనుంచి నొక్కారు. స్తంభం సన్నబడేకొద్దీ బలం పెరిగింది, మామూలు బంగారం కన్నా ఎన్నో రెట్లు. అంత ఇరుకు చోట డిస్‌లొకేషన్లు పోగుపడేలోపే అంచుకు చేరి బయటికి జారిపోతాయని, కొత్తవి పుట్టాలంటే ఎక్కువ బలం కావాలని వాళ్లు చెప్పిన కారణం. మీ తీగ కిక్కిరిసి గట్టిపడితే, ఆ స్తంభం ఖాళీ అయిపోయి గట్టిపడిందన్నమాట. ఇది విన్నాక ఇరవై ఏళ్ల పిల్లకు నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు.

అయితే చిన్నదైతే చాలు, బలమే అనుకోవడానికీ లేదు. లోహం లోపల గ్రెయిన్లు అనే చిన్న చిన్న స్ఫటికాలుంటాయి. అవి సన్నబడేకొద్దీ లోహం గట్టిపడుతుంది, కానీ 10, 20 నానోమీటర్ల (నానోమీటరంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) కిందికి దిగితే చాలా లోహాల్లో కథ తిరగబడి మళ్లీ మెత్తబడుతుంది. ఎక్కడ ఆపాలి, ఏం కలిపితే ఆ గ్రెయిన్లు వేడికి పెరగకుండా ఉంటాయి అన్నవి ఇప్పటికీ పరిశోధకులకు చేతినిండా పని పెడుతున్న ప్రశ్నలు. జెట్ ఇంజిన్ బ్లేడ్లలోని నికెల్ మిశ్రమం, విమానాల అల్యూమినియం, ఫోన్ చిప్‌లోని రాగి తీగలు, అన్నిటికీ లోహం లోపలి ఈ సూక్ష్మ నిర్మాణమే కీలకం.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్తాను. మన హైదరాబాద్‌లోనే డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), ఏఆర్‌సీఐ (లోహపు పొడులు, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం), మిధాని (ప్రత్యేక మిశ్రమ లోహాల కర్మాగారం), ఎన్ఎఫ్‌సీ (అణు ఇంధన కర్మాగారం) ఉన్నాయి, తమిళనాడులోని కల్పాక్కంలో ఐజీకార్ అనే అణు పరిశోధన కేంద్రం ఉంది. ఇవి కాక ఐఐటీల్లో అధ్యాపక పోస్టులు, విదేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం), చిప్ తయారీ కంపెనీలు. అయితే పోస్టులు తక్కువ, పోటీ గట్టిది, పీహెచ్‌డీకి ఐదేళ్లు పడుతుంది. ప్రభుత్వ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. చదువు ఖర్చు మీ మీద పడకపోవచ్చు గానీ, తోటి పిల్లలు కార్లు కొనే వయసులో మీ అమ్మాయి హాస్టల్ గదిలోనే ఉంటుంది. 'ఇంకా చదువుతోందా?' అని బంధువులు అడిగేది ఆమెను కాదు, మిమ్మల్ని.

నేనైతే వెళ్లనివ్వమనే అంటాను. కానీ ముందు ఒకటి అడగండి, ఆ రెండు నెలల్లో అన్నిటికన్నా విసుగనిపించిన రోజు ఏదని. ఈ పనిలో ముప్పావు వంతు శాంపిల్‌ను ఎమెరీ పేపర్ల మీద అద్దంలా అయ్యేదాకా రుద్దడం, మైక్రోస్కోప్ స్లాట్ కోసం అర్ధరాత్రిదాకా కూర్చోవడం, గంటలు పెట్టి చెక్కిన స్తంభం పుటుక్కున విరిగితే మళ్లీ మొదలుపెట్టడం. ఆ విసుగును ఆమె నవ్వుతూ చెప్పిందంటే మీరు భయపడనక్కర్లేదు. ఫలితాల గురించి తప్ప పని గురించి ఏమీ చెప్పలేకపోతే మాత్రం, నిర్ణయానికి ముందు ఇంకో ఆరు నెలల ప్రాజెక్టు చేయమనండి.

ఎంటెక్, పీహెచ్‌డీ ప్రవేశాలకు పనికొచ్చే గేట్ పరీక్ష మూడో ఏడాదిలోనే రాయొచ్చు, మెటలర్జీ పేపర్‌తో ఈసారే రాయించండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి పోయేదేమీ లేదు. దాంతోపాటు పైథాన్, పరమాణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే సిమ్యులేషన్ నేర్చుకోమనండి. మనసు మారితే సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లడానికీ అవి పనికొస్తాయి.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆమెను మీ పనివారి దగ్గర కూర్చోబెట్టండి. తీగను ఎప్పుడు కాల్చాలో వాళ్లు చేత్తో పట్టుకునే ఎలా చెప్పేస్తారో అడిగి తెలుసుకోమనండి. ఆమె అడిగే ప్రశ్నలు మీరూ పక్కన కూర్చుని వినండి.