ముంజకాయల బండి చేయబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కాలేజీ ప్రాజెక్టుకి ముంజకాయల బండిని శిల్పంగా చేస్తానని రాశావు. చాలా సంతోషం. పిల్లలాట అనుకుంటారేమోనని టెన్షన్ పడకు. నువ్వుండేది వాషింగ్టన్‌లోనే కాబట్టి ముందు నేషనల్ గ్యాలరీ శిల్పాల తోటకి వెళ్లిరా. శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్, ఆయన భార్య కోషే వాన్ బ్రుగెన్ కలిసి చేసిన టైప్‌రైటర్ రబ్బరు శిల్పం అక్కడుంది, టైపు తప్పులు చెరిపే రబ్బరన్నమాట. 1999 నాటిది, దాదాపు 20 అడుగుల ఎత్తు. గుండ్రటి రబ్బరు బిళ్ల, దానికో బ్రష్షు. ఓల్డెన్‌బర్గ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆఫీసుకి వెళ్లినప్పుడు ఆడుకున్న వస్తువది. శిల్పం చేసేనాటికి కంప్యూటర్లొచ్చి, దాని పని అయిపోయింది.

ఎత్తు చూసి వచ్చేయకు, చుట్టూ తిరుగు. బ్రష్షు వెంట్రుకలు గాలికి వంగినట్టు పైకి లేచి ఉంటాయి. బిళ్ల ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి అక్కడ ఆగినట్టుంటుంది. ఉత్త రబ్బరునే పెద్దది చేసి నిలబెడితే అది షాపు ముందు బొమ్మలా ఉండేది. ఆ వంపులో ఆట ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

పెద్దది చేయడమొక్కటే దారి కాదు. 1963లో ఓల్డెన్‌బర్గే టైప్‌రైటర్‌ని వినైల్ ప్లాస్టిక్‌తో మెత్తగా, కూలబడినట్టు చేశాడు. గట్టి వస్తువు మెత్తబడితే కొత్తగా కనిపిస్తుంది. నువ్వు కూడా ఒక్క గుణమే మార్చు, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచు.

ఇక బండి సంగతి. ఇంటర్నెట్‌లో ఫోటోలు వెతక్కు. ముందు కాగితం గుజ్జుతో అసలు సైజులో ఒకటి చేసి తోలి చూడు. ముంజెలు తినేశాక మిగిలి, చక్రాలయ్యే బుర్రలు రెండూ ఎప్పుడూ ఒక్కలా ఉండవు. ఒకటి చిన్నదైతే బండి ఆ పక్కకే లాగుతుంది, పంగల కర్రతో మనం సర్దుతూ పరిగెత్తాలి. ఆ కుంటినడక పోగొట్టకు. కంప్యూటర్‌లో గీసి రెండు చక్రాలూ సమానంగా చేశావంటే బండి పోయినట్టే. ముంజెలు తీసిన గుంటలూ పూడ్చొద్దు.

రంగు గురించి ఇప్పుడే ఆలోచించకు. నమూనా తోలేటప్పుడు వీడియో తీసి పంపు, ఇరుసు ఎంత లావుండాలో చూసి చెప్తాను.

నీ పెదనాన్న