జ్వరం రాని పొదుగువాపు

ప్రశ్న: మాకు రెండు జెర్సీ సంకరజాతి ఆవులున్నాయి. పెద్దావు ఈనిన పదో రోజున ఒక్క రాత్రిలో పొదుగు రాయిలా బిగిసింది. ఒళ్లు కాలిపోయింది, పాలు నీళ్లలా వచ్చాయి. వైద్యం చేయిస్తే వారంలో తేరుకుంది. చిన్నావుకు వాపూ లేదు, జ్వరమూ లేదు. కానీ ఒక చన్నులో పాలు తగ్గుతున్నాయి, అప్పుడప్పుడు తునకలు పడుతున్నాయి. రెండింటిదీ పొదుగువాపే అంటున్నారు. అదెలా సార్?
- ఒక పాడిరైతు, తెనాలి దగ్గర

జవాబు: రెండూ పొదుగువాపే, క్రిములే వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి పెద్దావుది పేడలో ఉండే ఇ.కొలై అనే బాక్టీరియా పని అయి ఉండాలి. దాని పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. పొదుగు కణాలు దాన్ని ఇట్టే పసిగడతాయి. కొద్ది గంటల్లోనే రక్తంలోంచి, క్రిములను మింగే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పాలల్లోకి దిగుతాయి. మీరు చూసిన వాపు, జ్వరం చాలావరకు ఆ గొడవ తాలూకువే. ఈనిన కొత్తలో ఈ కణాలు మందకొడిగా ఉంటాయి, అందుకే జబ్బు అంత ముదిరింది. పైగా పాలల్లోకి వచ్చాక అవి వెన్ననూ, కేసిన్ అనే పాల ప్రొటీన్‌నూ కూడా మింగేసి, పెళ్లి భోజనం చేసొచ్చిన కాపలావాడిలా బద్ధకిస్తాయి.

చిన్నావుది బహుశా స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియా. ఇది పెద్దగా అలికిడి చేయదు. తెల్లకణాలు మింగినా కొన్ని వాటి లోపలే బతికిపోతాయి, మందు అక్కడిదాకా సరిగా చేరదు. సర్వీసు కొత్తలో నేనూ ఇలాంటి ఆవును చూసి "వాపు లేదుగా, ఏం కాదు" అని పంపేశాను. మూడు నెలలకు ఆ చన్ను ఎండిపోయింది. ఆ రైతు ఎదురైతే నాకిప్పటికీ మొహం చెల్లదు.

పైకి కనబడని ఈ జబ్బు ఏ చన్నులో ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. లీటరు నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలపండి. మొదటి ధారలు వదిలేసి, ఒక్కో చన్ను పాలు విడిగా పట్టి, అంతే కొలత సబ్బునీళ్లు పోసి తిప్పండి. జావలా చిక్కబడితే తెల్లకణాలు ఎక్కువున్నట్టే. సబ్బుకు అవి పగిలి, లోపలి డీఎన్ఏ బయటికొచ్చి జిగురవుతుంది. మంచి చన్ను పాలల్లో మిల్లీలీటరుకు లక్షలోపే కణాలుంటాయి. 2 లక్షలు దాటితే అనుమానించాలి.

అనుమానం వచ్చిన చన్ను పాలను ల్యాబుకు పంపి, ఏ మందు పనిచేస్తుందో తేలాకే ఇంజెక్షన్ చేయించండి. ఈ జబ్బు పితికే చేతుల వెంట పాకుతుంది కాబట్టి చిన్నావును ఆఖర్న పితకండి. పితికిన వెంటనే పచ్చిగడ్డి వేసి నిలబెట్టండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది, ఆలోగా పేడలో పడుకోకూడదు.