జుట్టు రంగు తప్పినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఇంట్లో వేసుకున్న రంగు వికటించిన కథలే ఎక్కువగా ఉన్నాయి. అందుకే మొటిమల గురించీ చుండ్రు గురించీ అడిగినవారికి వచ్చే సంచికలో జవాబిస్తాము.

ప్రశ్న: నా వయసు 46 ఏళ్లు. ఆరేడేళ్లుగా నెలకోసారి నల్ల హెన్నా పొడి కలుపుకొని పెట్టుకునేదాన్ని. మూడు నెలలు మానేసి, ఈమధ్య జగదాంబ సెంటర్‌లో లేత బ్రౌన్ రంగు పెట్టె కొని, మా అమ్మాయి సాయంతో ఇంట్లోనే వేసుకున్నాను. తల ఆరాక చూసుకుంటే పాపిటకు అటూ ఇటూ రెండు వేళ్ల వెడల్పున ఇటుక రంగు తేలింది. చెంపల దగ్గరి తెల్లవెంట్రుకలు పసుపుగా మెరుస్తున్నాయి. జడ మాత్రం మునుపటిలాగే కారునలుపు. ఇంకో పన్నెండు రోజుల్లో సింహాచలంలో మా మేనకోడలి పెళ్లి. అదే రంగు ఇంకోసారి తలంతా పట్టిస్తే జడ కూడా బ్రౌన్‌లోకి వస్తుందా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: రాదు. ఇంకోసారి వేస్తే కుదుళ్ల దగ్గరి ఇటుక రంగు మరింత తేలుతుంది, జడ మాత్రం నల్లగానే ఉంటుంది. ఇలా ఎందుకు జరిగిందో తెలిస్తే, ఏం చేయాలో సగం తెలిసినట్లే కాబట్టి ముందు అది చెబుతాము.

మీరు కొన్న పెట్టెలో రెండు మందులుంటాయి. ఒకటి రంగు క్రీము, రెండోది డెవలపర్. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇంటి వాడకం పెట్టెల్లో సాధారణంగా ఇది 6 శాతం దాకా ఉంటుంది, పార్లర్లలో దీన్నే 20 వాల్యూమ్ అంటారు. వెంట్రుక లోపలికి చేరిన రంగును పండించడం దీని పనుల్లో ఒకటి. పుట్టుకతో వచ్చిన నలుపును కొంత విరిచి తేలిక చేయడం రెండోది. మన జుట్టులోని నలుపు విరిగినప్పుడు ఒక్కసారిగా బ్రౌన్ రాదు. అడుగున దాగి ఉన్న ఎరుపు, ఆ తరువాత నారింజ, చివరికి పసుపు వరుసగా బయటపడతాయి. మూడు నెలలుగా మొలిచిన జుట్టుకు హెన్నా పొడి తగలలేదు. జుట్టు నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మీరు చెప్పిన రెండు వేళ్ల వెడల్పు సరిగ్గా ఆ కొత్త జుట్టే. దానిలో నలుపు విరిగింది, పైగా మాడు వేడి ఆ పనిని ఇంకా తొందరపెట్టింది. జడలో ఉన్నది పుట్టుకతో వచ్చిన నలుపు కాదు, ఆరేడేళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్న కృత్రిమపు నలుపు. కొత్త రంగు పాత రంగును తీయలేదన్నది ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన మొదటి పాఠం, పెట్టె మీద మాత్రం ఎవరూ రాయని పాఠం.

కనుక పన్నెండు రోజుల్లో జడను కుదుళ్ల రంగులోకి తేవాలనే ఆలోచన మానుకోండి. కుదుళ్లనే జడ రంగుకు దగ్గరగా దించండి. అది ఇంట్లో అయ్యే పని.

మొదటి వారం రంగు జోలికి పోకండి. రోజు మార్చి రోజు రాత్రి కొబ్బరినూనె పట్టించి, ఉదయం మెత్తటి షాంపూతో తలంటుకుంటే చాలు. ఈ లోగా అమ్మమ్మలు చెప్పే నిమ్మరసం, పక్కింటివారు చెప్పే వంటసోడా, ఫోన్లో కనిపించే బట్టల సబ్బుపొడి చిట్కాలు ఏవీ ముట్టుకోకండి. అవి ఇటుక రంగును తీయవు, ఇప్పటికే పొర లేచిన వెంట్రుకను గరుకుగా మార్చి వదిలేస్తాయి.

రంగు ఎంచుకునేటప్పుడు పెట్టె మీద ఫోటో చూడవద్దు, అంకె చూడండి. చాలా కంపెనీల లెక్కలో 1 అంటే నలుపు, 3 ముదురు బ్రౌన్, 4 బ్రౌన్, 5 లేత బ్రౌన్. చుక్క తరువాత వచ్చే అంకె ఛాయను చెబుతుంది. 1 అయితే బూడిద ఛాయ, 3 అయితే బంగారు ఛాయ, 4 అయితే రాగి ఛాయ. మీకు కావలసింది చుక్క ఏమీ లేని 3, అమ్మోనియా లేనిది. గోల్డెన్, కాపర్, మహోగని అని రాసి ఉన్నవన్నీ ఎరుపునూ పసుపునూ పెంచేవే. పెళ్లిళ్ల కాలంలో ప్రతి దుకాణంవాడూ చేతిలో పెట్టే బర్గండీ సంగతి సరేసరి. ఇటుక రంగు మీద బర్గండీ వేస్తే ఎండలో పాపిట మండుతున్నట్లు కనిపిస్తుంది. 'మొత్తం నలుపే వేసేస్తే పోలేదా' అని మీకు అనిపించవచ్చు. పొర లేచిన జుట్టు రంగును ఎక్కువగా పీలుస్తుంది కనుక నలుపు వేస్తే కుదుళ్లు జడకంటే నల్లగా, విగ్గు పెట్టినట్లు కనిపిస్తాయి. తక్కువైతే ఇంకో ఐదు నిమిషాలు ఉంచుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేము.

కొత్త పెట్టె తెచ్చిన రోజే మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత మేర కొద్దిగా రాసి, పెట్టె మీద చెప్పినంత సేపు ఉంచి కడిగి, 48 గంటలు గమనించండి. దురద గాని ఎర్రదనం గాని రాకపోతేనే ముందుకు వెళ్లండి. తరువాత చెవి వెనుక ఎవరికీ కనబడని చోట ఒక సన్నటి పాయ తీసుకొని, దాని మీద రంగు వేసి, కడిగి ఆరబెట్టి, బాల్కనీలోకి వెళ్లి పగటి వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైటు కింద ఇటుక రంగు కూడా బ్రౌన్‌లాగే కనిపించి మోసం చేస్తుంది, మీరు మొదటిసారి మోసపోయింది అక్కడే అయి ఉండవచ్చు.

పెళ్లికి నాలుగైదు రోజుల ముందు అసలు పని పెట్టుకోండి. నుదుటి అంచునా చెవుల మీదా వాజలిన్ రాయండి. జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి. స్టీలు గిన్నె కాకుండా ప్లాస్టిక్ గిన్నెలో కలపండి. తెల్లవెంట్రుకలు మొండివి, రంగును ఆలస్యంగా తీసుకుంటాయి. అందుకని ముందు చెంపలతో మొదలుపెట్టి, పాపిటను చివరికి వదలండి. పదేసి నిమిషాలకోసారి తడి దూదితో ఒక పాయ తుడిచి చూడండి. పాపిట దగ్గర ముందే పండితే అక్కడ ముందే కడిగేయవచ్చు. బ్రష్షు నల్ల జడ మీదకు జారనివ్వవద్దు. తల కడిగే నీళ్ల విషయం కూడా చెప్పాలి: సముద్రం పక్క కాలనీలలో చాలా ఇళ్ల బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లతో కడిగిన రంగు త్వరగా వెలిసి మొద్దుబారుతుంది. చివరి చెంబులకైనా మున్సిపల్ కుళాయి నీళ్లు పట్టి ఉంచుకోండి.

జడను నిజంగానే బ్రౌన్‌లోకి తేవాలని ఉంటే పెళ్లి అయ్యాక అనుభవం ఉన్న పార్లర్‌కు వెళ్లి, ఆరేడేళ్లు ఏ పొడి వాడారో దాని పెట్టెతో సహా చూపించండి. పాత రంగును తీసే ప్రత్యేక మందులు ఉన్నాయి; అవి వెంట్రుక లోపల పండిన రంగు కణాలను మళ్లీ చిన్నవి చేసి నీళ్లతో బయటకు పంపుతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అవి రసాయనపు రంగు మీద పనిచేస్తాయి, అసలైన గోరింటాకు మీద పనిచేయవు. నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో గోరింటాకు నామమాత్రమే, నలుపంతా రసాయనానిదే. ఎంత ఆకు ఉన్నా గోరింటాకు నలుపునివ్వదు, ఎరుపే ఇస్తుంది. కొన్ని పొడుల్లో లోహపు లవణాలు కూడా ఉంటాయి. వాటికి డెవలపర్ తగిలితే జుట్టు వేడెక్కి, పొగలు వచ్చి, తుంపులు తుంపులుగా విరిగిపోతుంది. మీకు మొదటిసారి అలాంటిదేమీ జరగలేదు కాబట్టి మీ పొడిలో అవి లేవనే అనుకోవచ్చు. ఇతర పాఠకులు మాత్రం దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకలను గాజు గిన్నెలో డెవలపర్ కలిపిన రంగులో అరగంట నానబెట్టి చూడకుండా, పొడి వాడిన తల మీద పెట్టె రంగు వేయవద్దు.

ప్రశ్న: హాస్టల్‌లో స్నేహితురాలు నా ముందు పాయలకు బ్లీచ్ వేసింది. తెల్లగా రాలేదు, గుడ్డు పచ్చసొనలాగా వచ్చాయి. నీలం రంగు కావాలని దాని మీద నీలం వేస్తే పాయలన్నీ నాచు పచ్చ అయ్యాయి. తడిగా ఉన్నప్పుడు లాగితే రబ్బరులాగా సాగుతున్నాయి. మళ్లీ బ్లీచ్ చేసి నీలం వేసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: సాగుతున్నాయని మీరే రాశారు కనుక బ్లీచ్ మాట మరచిపోండి. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుకను తడిపి లాగితే కొద్దిగా సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. సాగి అలాగే ఉండిపోయిందంటే, లోపల దానిని పట్టి ఉంచే బంధాలు చాలావరకు తెగిపోయాయన్నమాట. ఇంకోసారి బ్లీచ్ తగిలితే ఆ పాయలు దువ్వెనలో మిగులుతాయి, తలకు మిగలవు.

పచ్చ ఎందుకు వచ్చిందో చిన్నప్పటి డ్రాయింగ్ క్లాసులోనే నేర్చుకున్నారు: పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. నీలం నీలంగా నిలవాలంటే జుట్టు అరటిపండు తొక్క లోపలివైపు ఉన్నంత లేతగా రావాలి, మన నల్లజుట్టును ఒక్క పూటలో అంత దూరం తీసుకుపోవడం పార్లర్‌లో కూడా సాహసమే. మీరు ఇప్పుడు చేయగలిగింది పచ్చను చంపడం. పచ్చకు విరుగుడు ఎరుపు. డెవలపర్ అవసరం లేని, క్రీములాగా రాసి కడిగేసే రకం రంగులో ఎరుపు ఛాయ ఉన్న బ్రౌన్ తీసుకొని, మొదట ఒక్క పాయకు రాసి చూడండి; పచ్చ పోయి మట్టి బ్రౌన్ వస్తే మిగతా వాటికీ రాయవచ్చు. బూడిద ఛాయ ఉన్నది పొరపాటున కూడా వద్దు, పచ్చ ఇంకా ముదురుతుంది. ఈ రకం రంగు పది పదిహేను తలస్నానాలకు వెలిసిపోతుంది, అప్పుడు మళ్లీ వేసుకోవాలి.

హెయిర్ స్ట్రెయిట్‌నర్‌ను కొన్ని నెలలు అటక మీద పెట్టండి. ఋషికొండకో ఆర్.కె. బీచ్‌కో వెళ్లి సముద్రంలో మునిగేటట్లయితే, ముందే ఆ పాయలను మంచినీళ్లతో తడిపి నూనె రాసి ముడి వేసుకోండి. అప్పటికే తడిసిన వెంట్రుక ఉప్పునీటిని తక్కువగా పీలుస్తుంది. కొసలు చిట్లుతుంటే మొహమాటపడక కత్తిరించండి. ఏ సీరమ్ సీసా కూడా తెగిన వెంట్రుకను అతికించదు, అలా అతికిస్తుందని సీసా మీద రాసి ఉన్నా సరే.

ప్రశ్న: నేను పదేళ్లుగా ఒకే నల్ల పొడి వాడుతున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. పోయినసారి వేసుకున్న మర్నాడు మాడంతా దురద, రెండో రోజుకు కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరవలేకపోయాను. ఇప్పుడు తగ్గింది. రంగు కూడా మచ్చలు మచ్చలుగా వచ్చింది. వేరే కంపెనీ పొడితో సరిచేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వద్దండీ. మీరు రంగు మచ్చల గురించి అడిగారు గాని, ముందు చూడవలసింది ఆ కనురెప్పల వాపు. నల్ల రంగులలో ఎక్కువ వాటిలో పారా ఫినైలీన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది, పెట్టె మీద పి.పి.డి. అని కూడా రాస్తారు. ఇది పడకపోవడం మొదటి రోజే మొదలుకావాలని లేదు. ఏళ్ల తరబడి వాడిన తరువాత ఒకనాడు ఒంటికి పడకుండా పోతుంది, ఒకసారి అలా అయితే ఇక జీవితాంతం పడదనే అనుకోవాలి. ప్రతిక్రియ రంగు వేసిన వెంటనే గాక, ఒకటి రెండు రోజులకు రావడం దీని లక్షణం. కంపెనీ మారినా లోపలి మందు అదే కాబట్టి రెండోసారి వాపు ఇంకా ఎక్కువగా రావచ్చు.

చర్మవ్యాధుల వైద్యుడికి చూపించి, మీకు పడనిది ఏదో తెలుసుకోవడానికి ప్యాచ్ పరీక్ష (చర్మం మీద కొద్దిగా మందు అంటించి చూసే పరీక్ష) చేయించుకోండి. కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆ పొడి పెట్టెను జేబులో పెట్టుకొని వెళ్లండి. ఇక మీదట ఎప్పుడైనా పెదవులు, నాలుక ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. మచ్చల సంగతి అంటారా, మగవారికి ఉన్న సదుపాయం వాడుకోండి: పొట్టిగా క్రాపు చేయించుకుంటే రెండు నెలల్లో అంతా పోతుంది. నలుపు కావాలనే ఉంటే, డాక్టరు సరేనన్నాక, ఏమీ కలపని గోరింటాకు పొడి ఒక రోజు, నీలి ఆకు పొడి మర్నాడు పెట్టుకోవచ్చు. దుకాణంలో ఆ పొట్లం మీద పదార్థాల జాబితా ఉందో లేదో చూడండి, లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

ప్రశ్న: రంగు వేసుకున్నప్పుడల్లా నుదుటి మీద నల్లటి గీత పడి నాలుగు రోజులు పోదు. ఎలా తీయాలి?
– ఒక గృహిణి, గోపాలపట్నం

జవాబు: దూదిని కొబ్బరినూనెలో ముంచి, గీత మీద ఐదు నిమిషాలు ఉంచి, సబ్బుతో కడగండి. పూర్తిగా పోకపోతే సాయంత్రం మళ్లీ అలాగే చేయండి. ఇటుకరాయితోనో పీచుతోనో రుద్దవద్దు. గీతతో పాటు తోలు కూడా లేస్తుంది, ఆ మంట మీద చెమట పడితే నాలుగు రోజులు కాదు, వారం బాధపడతారు.