‘కొట్టేదట’లో అనుమానం ఉందా?

సందేహం: మా ఊళ్లో నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకునే బృందం ఒకటి ఉంది. పోయిన నెల హాలీవుడ్ నటి జోన్ క్రాఫోర్డ్ గురించి ఆమె కూతురు క్రిస్టినా రాసిన ‘మామీ డియరెస్ట్’ చదివాం. సారాంశం తెలుగులో రాసే పని నా మీద పడింది. “జోన్ తన సవతి కూతుర్ని కొట్టేదట, తీగ హ్యాంగర్‌కి గౌను తగిలించి ఉందని అర్ధరాత్రి రభస చేసిందట” అని రాశాను. చదివి వినిపించగానే గొడవ మొదలైంది. “ఆ పిల్ల దెబ్బలు తిన్నానని రాసుకుంటే నువ్వు ‘అట’ అంటావేమిటి? నమ్మనట్టుంది” అన్నారొకావిడ. “అట తీసేస్తే నువ్వు పక్కనుండి చూసినట్టుంటుంది” అన్నారు ఇంకొకాయన. ఏది సరి? అబ్యూజ్‌కి ‘వేధింపులు’ అనాలా, ‘హింస’ అనాలా? ‘కుమాతా న భవతి’ అని శంకరులే అన్నాక అమ్మ మీద ఇలా రాయొచ్చా అని ఒక పెద్దాయన అడిగితే నాకు జవాబు తోచలేదు. – ఒక పాఠకురాలు

సమాధానం: పుస్తకం తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు. జోన్ క్రాఫోర్డ్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిన సినిమా 1945లో వచ్చిన ‘మిల్‌డ్రెడ్ పియర్స్’. అందులో ఆమెది కూతురి కోసం ఒళ్లు హూనం చేసుకునే తల్లి పాత్ర. 1977 మే నెలలో ఆమె చనిపోయింది. వీలునామాలో క్రిస్టినాకు, ఆమె తమ్ముడు క్రిస్టొఫర్‌కు ఏమీ ఇవ్వడం లేదని, అందుకు కారణాలు వారికి బాగా తెలుసునని రాసి ఉంది. ఆ మరుసటి ఏడే, 1978లో, క్రిస్టినా పుస్తకం అచ్చయింది. 1981లో సినిమాగా కూడా వచ్చింది. తమ్ముడు అక్క పక్షాన నిలబడ్డాడు. కవలలైన ఇద్దరు చెల్లెళ్లు మాత్రం అమ్మ అలాంటిది కాదన్నారు. జోన్ స్నేహితురాలు, నటి మిర్నా లాయ్ కూడా జోన్ వైపే మాట్లాడింది. చదివినవాళ్లు అప్పటి నుంచీ తలో మాటా అంటూనే ఉన్నారు. ఇప్పుడు ఆ తగవు మీ ఊరికి వచ్చి ‘అట’ అనే రెండక్షరాల మీద కూర్చుంది.

‘అట’కు ఉన్న పని ఒక్కటే. ఈ సంగతి నేను కళ్లారా చూసింది కాదు, ఎవరో చెప్పగా తెలిసింది అని వినేవాళ్లకు తెలపడం. ఆ సంగతి నిజమో కాదో తేల్చే పని దానిది కాదు. ‘రేపు పొద్దున కరెంటు ఉండదట’ అని పక్కింటివాళ్లు చెబితే మనం అనుమానపడుతూ కూర్చోం, రాత్రే ట్యాంకు నింపుకుంటాం. ఇంకా గట్టి ఉదాహరణ కావాలంటే పోతన ఉన్నాడు. ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట, నే పలికిన భవహరమగునట’. ఒక్క పద్యంలో మూడు అటలు! పోతనకు రాముడి మీద అనుమానం ఉందని ఎవరైనా అంటారా? కాబట్టి వ్యాకరణం వరకు మీ వాక్యంలో తప్పు లేదు.

అయినా ఆవిడకు చురుక్కుమంది. ఎందుకో చూద్దాం.

‘అట’లోకి అనుమానం గొంతు వల్ల వస్తుంది. ‘పెద్ద హీరో అట’ అని మామూలుగా అంటే సమాచారం. అదే మాటను సాగదీసి, మూతి ఓ పక్కకు తిప్పి ‘పెద్ద హీరో అటా!’ అంటే వెక్కిరింత. కాగితం మీద గొంతు ఉండదు, మూతీ ఉండదు. చదివేవాళ్లే తమ గొంతు తెచ్చి పెట్టుకుంటారు. జోన్ అభిమాని తన గొంతుతో చదువుకుంటాడు, చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లు తమ గొంతుతో చదువుకుంటారు.

రెండో సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ‘అట’ను ‘నేను’తో కలిపి చూడండి. ‘నెలల పిల్లప్పుడు రాత్రంతా ఏడ్చేదాన్నట’ అంటే నాకు గుర్తులేదు, అమ్మ చెప్పింది అని. గుర్తుండే వయసు విషయానికి వచ్చేసరికి అర్థం తిరగబడుతుంది. ‘నిన్న నేను ఆవిణ్ణి తిట్టానట!’ అంటే ‘నేను తిట్టలేదు మొర్రో’ అని. తన పని గురించి తానే ‘అట’ అనే మనిషి ఆ పని చేయలేదని చెబుతున్నట్టే. అందుకే క్రిస్టినా తన దెబ్బల గురించి ‘కొట్టేదట’ అని రాయలేదు. వీపు ఆమెది, ‘కొట్టేది’ అనే అంటుంది. జోన్ బతికి ఉంటే ‘నేను కొట్టేదాన్నట!’ అనేది. చెల్లెళ్లయితే ‘అమ్మ అక్కను కొట్టేదట!’ అని ఉండేవాళ్లు. ఇప్పుడు మీ వాక్యం మళ్లీ చూసుకోండి. మీరు రాసిన ‘కొట్టేదట’, చెల్లెళ్ల నోట ‘కొట్టేదట!’ ఆశ్చర్యార్థకం తప్ప అక్షరం తేడా లేకుండా ఒకటే. మీ బృందంలో ఆవిడకు వినబడింది అదే.

(బతికుండగానే ఇలాంటి పుస్తకాన్ని ఎదుర్కొన్న తల్లీ ఉంది. బెట్టీ డేవిస్ కూతురు 1985లో తల్లి మీద పుస్తకం వేసింది. 1987లో బెట్టీ తన పుస్తకం చివర కూతురికి ఉత్తరం రాసి జవాబిచ్చింది. ఈ బెట్టీ, జోన్ ఇద్దరూ 1962లో ఒకే సినిమాలో పోటీపడి నటించినవాళ్లే, అందులో ఈ కూతురూ చిన్న వేషం వేసింది. అదంతా వేరే కథ.)

మరేం చేయాలి? ‘అట’ పీకేస్తే రెండో ఆయన అన్నట్టు మీరు సాక్షి అయిపోతారు. దానికి బదులు మాట ఎవరిదో మొదట్లోనే చెప్పేయండి. ‘తల్లి తనను కొట్టేదని క్రిస్టినా రాసింది’. ఆ తరువాతి వాక్యాల్లో ‘అట’ అక్కర్లేదు, ప్రతిసారీ ‘రాసింది’ కూడా అక్కర్లేదు. దండెం ఒకసారి కట్టాక బట్టకో మేకు కొట్టం కదా.

క్రియ ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘బయటపెట్టింది’, ‘వెల్లడించింది’ అంటే జరిగిందని మీరు ఒప్పుకున్నట్టు, ఉన్నదాన్నే కదా బయటపెట్టేది. ‘అభాండం వేసింది’, ‘నింద మోపింది’ అంటే అబద్ధమని తీర్పు ఇచ్చేసినట్టు. ‘వాపోయింది’ అంటే ఏదో చిన్న విషయానికి ఏడుస్తున్నట్టు ఉంటుంది. మన పేపర్లలో ‘చెప్పుకొచ్చింది’ అని తెగ రాస్తున్నారు. అది నాకు ఎప్పుడూ నచ్చదు, పని లేక కబుర్లు చెబుతున్న వాసన వేస్తుంది. ఇక ‘ఆరోపించింది’. సంస్కృతంలో ఆరోపించడం అంటే ఎక్కించడం, ఒకదాని మీద ఇంకొకటి పెట్టడం. తాడు మీద పామును ఊహించుకోవడాన్ని వేదాంతులు అధ్యారోపం అన్నారు. అలా చూస్తే ఈ మాట పుట్టుకలోనే ‘లేనిది అంటగట్టడం’ ఉంది. ఇవాళ కోర్టు భాషలో మాత్రం రుజువు కావలసిన ఫిర్యాదు అనే అర్థంలోనే స్థిరపడింది. కాబట్టి తప్పు కాదు గానీ జ్ఞాపకాల పుస్తకానికి కాస్త కోర్టు కంపు కొడుతుంది. (అధ్యారోపాన్ని తొలగించడానికి వేదాంతంలో పేరు ‘అపవాదం’. అదే మాట తెలుగింటికి వచ్చి ‘అపవాదు’ అయ్యేసరికి లేని మచ్చ అంటించడం అయింది. మాటల బతుకులు ఇలాగే ఉంటాయి.) ‘రాసింది’, ‘చెప్పింది’ చాలు.

మీ వాక్యంలో ‘కొట్టేది’ మాత్రం బాగా పడింది, దాన్ని ఎవరైనా ‘కొట్టింది’గా దిద్దమంటే దిద్దకండి. ‘కొట్టింది’ అంటే ఒక రోజు, ఒక దెబ్బ. ‘కొట్టేది’ అంటే అది ఆ ఇంటి అలవాటు. క్రిస్టినా చెబుతున్నది అలవాటు గురించి. ఎదుటి పక్షం మాట రాసేటప్పుడూ ఇలాగే చూడాలి. ‘చూడలేదు’, ‘కొట్టలేదు’, ‘కొట్టేది కాదు’ మూడూ వేరు. క్రిస్టినా 1939లో పుట్టింది, కవలలు 1947లో. అక్కకు పదేళ్లప్పుడు వాళ్లు పాలపళ్ల పిల్లలు. వాళ్లు చూడకపోవడం ఒకటి, జరగకపోవడం ఒకటి. అలాగని వాళ్ల మాట కొట్టిపారేయమనడం లేదు, ఒకే ఇంట్లో ఒక బిడ్డకు ఒక అమ్మ, ఇంకో బిడ్డకు ఇంకో అమ్మ ఉండడం మనమూ చూస్తాం.

అబ్యూజ్ సంగతి. ఫోన్లో అనువాదం చేయిస్తే ‘పిల్లల దుర్వినియోగం’ అని వస్తుంటుంది. నిధులు దుర్వినియోగం అవుతాయి, పిల్లలు కారు. ‘వేధింపు’లో ఉన్నది కర్ణవేధలోని ‘వేధ’, అంటే గుచ్చడం. మంచి మాటే, కానీ పేపర్లలో ‘వరకట్న వేధింపులు’, ‘లైంగిక వేధింపులు’ అని చదివి చదివి, పిల్లల పక్కన ‘వేధింపులు’ అని ఒట్టిగా రాస్తే ఇవాళ చాలామందికి మనసు ఆ రెండో అర్థం మీదికే పోతుంది. ఈ పుస్తకంలో ప్రధానంగా ఉన్నది దెబ్బలు, తిట్లు, అవమానాలు, ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో తెలియని భయం. ‘హింస’ సరిపోతుంది. అంతకంటే మంచి పని, ఏం చేసిందో అదే రాయడం. పిల్లల్ని కొట్టడానికి మనకు మాటలకేం కరువు లేదు. నాలుగు తగిలించడం, భయం చెప్పడం, దారిలో పెట్టడం, వీపు విమానం మోత మోగించడం. అన్నీ కొట్టినవాళ్ల వైపు నుంచి పుట్టినవే. తిన్నవాళ్ల వైపు నుంచి ఉన్నది ‘దెబ్బలు తినడం’ ఒక్కటే, అదీ తిండిలో కలిసిపోయింది. ‘ఆ రోజుల్లో ఎవరు కొట్టలేదండీ’ అనే వాదన మీ బృందంలోనూ వచ్చే ఉంటుంది. దానికి బలం ఈ ముద్దుపేర్లే.

ఇక ‘సవతి’. ఇది తప్పు, దిద్దాలి. తండ్రికి మరో భార్య అయితే సవతి తల్లి. జోన్ క్రిస్టినాను 1940లో, పసిబిడ్డగా ఉండగా దత్తత తీసుకుంది. ‘పెంచుకున్న కూతురు’ అనండి. ‘పెంపుడు’ అంటే కుక్కపిల్ల గుర్తొస్తుందని కొందరికి ఇబ్బంది. ఒకసారి అలా చెప్పాక మిగతా చోట్ల ‘తల్లి’, ‘కూతురు’ చాలు. మీ చేత ‘సవతి’ రాయించింది అజాగ్రత్త కాకపోవచ్చు. తల్లి చెడు చేసిందని చెప్పాల్సి వస్తే మన కథలన్నీ ఆ పని సవతి తల్లికి అప్పగించాయి. చెయ్యి అలవాటుగా అటే పోయింది.

పెద్దాయన ప్రశ్నా ఇక్కడికే వస్తుంది. ‘కుపుత్రో జాయేత క్వచిదపి కుమాతా న భవతి’ అన్నది శంకరుల పేరిట ఉన్న దేవ్యపరాధ క్షమాపణ స్తోత్రంలోది. చెడ్డ కొడుకు పుట్టొచ్చేమో గానీ చెడ్డ తల్లి ఉండదు అని. ఆ మాట అంటున్నది ఎవరు? తప్పు చేసిన బిడ్డ. నిన్ను సరిగా కొలవలేదు, నీ సేవ చేయలేదు, అయినా నువ్వు తల్లివి కాబట్టి నన్ను వదలలేవు అని జగన్మాత కాళ్లు పట్టుకోవడం అది. ఆ ఇంట్లో, ఈ ఇంట్లో ఉన్న అమ్మలందరి గురించి ఇచ్చిన ధ్రువపత్రం కాదు. ఒక తల్లి ఏం చేసింది అన్న తగవులో ప్రార్థనను సాక్ష్యంగా తేకూడదు. పైగా ‘కుమాత’ అనే మాట ఒకటి కావలసి వచ్చింది చూశారా, లేదని చెప్పడానికైనా.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, సారాంశాల్లో తరచూ జరుగుతుంది కాబట్టి. తల్లి పెద్ద నటి కదా అని ‘జోన్ అన్నారు, చేశారు’ అంటూ, కూతురి దగ్గరికి వచ్చేసరికి ‘క్రిస్టినా అంది, చేసింది’ అంటారు. అనుమానం నిజంగా దూరేది అక్కడ, ‘అట’ దగ్గర కాదు. ఇద్దరికీ ‘అంది’ అనండి, లేదా ఇద్దరికీ ‘అన్నారు’ అనండి. అమ్మను ‘కొట్టింది’ అంటే అమర్యాద కాదు. నాన్నగారు ‘కొట్టారు’ అనే ఇళ్లలో కూడా చాలాచోట్ల అమ్మ ‘కొట్టింది’ అనే అంటారు.

ఉత్తరం అంచున, హ్యాంగర్‌ను ‘కొక్కెం’ అని రాయమని ఎవరో సలహా ఇచ్చారని కూడా రాశారు. కొక్కెం గోడకు ఉంటుంది, దానికి హ్యాంగర్ తగిలిస్తాం, హ్యాంగర్‌కి గౌను. ఆ రాత్రి గొడవ హ్యాంగర్ గురించి, గోడ గురించి కాదు. లాండ్రీ వాళ్లు ఇస్త్రీ బట్టలతో ఇచ్చే పల్చటి తీగ హ్యాంగర్. మీరు ముందు రాసిన మాటే ఉంచండి.