ఏలినాటి శనా, మూడు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. వయసు 34. రెండేళ్ల కిందట నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండున్నర లక్షలు తెచ్చి, ఇంటి డ్రైవరు వీసా మీద కువైట్ వచ్చాను. మొదటి కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) నాలుగు నెలల జీతం ఎగ్గొట్టి, వేరే ఇంటికి మారడానికి రిలీజ్ ఇచ్చాడు. రెండో ఇంట్లో కుదురుకున్నాక వడ్డీ కట్టడానికి రాత్రిళ్లు బయట సామాన్లు మోసే పనికి వెళ్లి, మెట్ల మీద జారి మడమ విరగ్గొట్టుకున్నాను. కట్టుతో పడుకుని ఉండగానే గదిలో ఫోను, ఇంటికి పంపాల్సిన డబ్బు పోయాయి. పోయిన నెల నాన్నకు పక్షవాతం వచ్చింది. వెళ్లలేకపోయాను. అమ్మ ఏలినాటి శని అంటోంది. ఒకాయన నీలం ఉంగరం పెట్టుకోమన్నాడు. నా భార్యకు ఇవేమీ చెప్పలేదు. వీడియో కాల్‌లో ముఖం వరకే చూపించి బాగున్నానంటున్నాను. నేను ఏది ముట్టుకున్నా ఇంతే. ఇంటికి వెళ్తే ఊళ్లో నవ్వుతారు.

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండోసారి చదివేటప్పుడు జరిగినవన్నీ ఒక కాగితం మీద రాసి, దేనివల్ల ఏది వచ్చిందో గీతలు గీశాను. మీరూ అలా చేసి చూడండి. జీతం రాకపోవడం మీ జాతకం కాదు, ఇంకొకరు చేసిన అన్యాయం. ఆ నాలుగు నెలలూ వడ్డీ మాత్రం ఆగలేదు. నెలకు 7,500 చొప్పున రెండేళ్లకు 1,80,000 వడ్డీకే అవుతుంది, అసలు కదలదు. ఆ వడ్డీ తరిమితేనే నిద్ర మానుకుని రాత్రి పనికి వెళ్లారు. మడమ విరిగింది అక్కడే. ఆ డబ్బు గదిలో ఉండిపోయింది మీరు మంచాన పడ్డారు కాబట్టి. నిజంగా ఎవరి చేతిలోనూ లేనిది నాన్నగారి జబ్బొక్కటే.

అమ్మతో మాత్రం వాదన పెట్టుకోకండి. శని దోషానికి పేరున్న మందపల్లి గుడికి వెళ్లి మందేశ్వరుడికి తైలాభిషేకం చేయించుకుంటే ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుంది. మంచం పట్టిన భర్త, దూరాన కొడుకు. ఆ తల్లికి ఏదో ఒకటి చేశానన్న తృప్తి కావాలి. ఉంగరం మాత్రం వద్దు, దానికోసం ఇంకో అప్పు అసలే వద్దు. ఇంకో మాట. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు, మూడు రాశులకు కలిపి ఏలినాటి శని ఏడున్నరేళ్లు. అంటే ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి శని ఉన్నట్టే. మీ గదిలో ఎనిమిది మంది ఉంటే సగటున ఇద్దరికి ఉంటుంది. ఆ రెండోవాడు రోజూ పనికి వెళ్లి వస్తున్నాడు కదా!

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో తుపాను వచ్చినప్పుడు మీరు చిన్నపిల్లాడై ఉంటారు. తెల్లారాక మా పెదనాన్న తోటలో తిరుగుతూ తల విరిగిన కొబ్బరిచెట్లను ఒక్కొక్కటే చేత్తో తట్టి లెక్కపెట్టడం నాకింకా కళ్లముందే ఉంది. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాడు. ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదు. మళ్లీ పెట్టిన మొక్కలు కాపుకొచ్చేదాకా ఏళ్లకేళ్లు అప్పుల్లోనే బతికారు. కానీ పెద్దమ్మకు తెలియని అప్పు ఒక్కటీ లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇద్దరూ లెక్క చూసుకునేవారు.

మీకు లేనిది ఆ అరుగే. అన్నీ ఒక్కరే మోస్తున్నారు. పైగా మీ అప్పుకు దారి మీ భార్య దగ్గరే ఉండవచ్చు. బంగారం బ్యాంకులో పెడితే వడ్డీ మామూలుగా నూటికి రూపాయి లోపే పడుతుంది. మూడు రూపాయల అప్పు తీర్చేసి అటు మారిస్తే నెలకు ఐదు వేల దాకా మిగులుతుంది. అయితే ఆ బంగారం ఆవిడది, నిర్ణయమూ ఆవిడదే. ముందు ఆవిడకు నిజం తెలియాలి కదా.

ఎగ్గొట్టిన జీతాన్ని వదిలేయకండి. ఒప్పందం, పాత జీతం రసీదులు, ఫోను మారినా దొరికే మెసేజీలు తీసుకుని భారత రాయబార కార్యాలయంలో కార్మికుల విభాగానికి వెళ్లండి. మన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టండి. రిలీజ్ కాగితాల్లో బాకీ లేదని సంతకం పెట్టించుకుని ఉన్నా సరే, వెళ్లి అడగండి. పాస్‌పోర్టు మీ దగ్గర లేకపోతే అదీ చెప్పండి. ఇంటి పనివాళ్ల పాస్‌పోర్టు వాళ్ల ఇష్టం లేకుండా యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌లో 2015 చట్టమే ఉంది. ఇ-మైగ్రేట్ క్లియరెన్స్‌తో (విదేశీ పనికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) వెళ్లి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉంటుంది. కాలి వైద్యానికి ఏమైనా వస్తుందేమో కనుక్కోండి. రాత్రి పని మాత్రం మానేయండి. మీ వీసా మీద బయట పని చేయడం అక్కడ నేరం, పట్టుబడితే పంపించేస్తారు.

ఈ శుక్రవారం అక్కడ పదకొండింటికి మీ భార్యకు వీడియో కాల్ చేయండి. ఇక్కడ ఒంటిగంటన్నర అవుతుంది, అత్తగారికి అన్నం పెట్టి ఆవిడ కాస్త ఖాళీగా ఉండే వేళ. మాటలు వెతుక్కోనక్కర్లేదు. కెమెరా కిందికి తిప్పి కట్టు కట్టిన కాలు చూపించండి. ఆవిడ అడుగుతుంది. అప్పుడు చెప్పండి.